బ్రేకు డ్రమ్ము నుంచి డిస్కు దాకా – తుప్పు పట్టిన చక్రం కథ



ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాసి ఇవ్వమని సంపాదక వర్గం వారు కోరారు. వేతన సవరణల చరిత్ర, సమ్మెల చరిత్ర, మన సంఘం చరిత్ర రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను ఎవరూ ముట్టుకోని ఒక చిన్న విషయం తీసుకున్నాను. అది మోటారు బండి చక్రం వెనుక దాగి ఉండే బ్రేకు డ్రమ్ము, ఇప్పటి కార్లలో దాని స్థానంలోకి వచ్చిన బ్రేకు డిస్కు. అవి తుప్పు పట్టి, మన వైపు మాటలో చెప్పాలంటే జంగు పట్టి, బిగుసుకుపోతే వాటిని ఊడదీయడం మన మిస్త్రీలు ఎలా నేర్చుకున్నారు, ఆ పనిలో వారు ఏమి పోగొట్టుకున్నారు అన్నదే ఈ వ్యాసం.

ఇది మనకెందుకు అని కొందరు అడగవచ్చు. మనలో చాలామంది ఇళ్లలో పిల్లలు కొనిపెట్టిన కారు ఉంది. పిల్లలు హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉంటారు. కారు పెళ్లికో, ఆసుపత్రికో, శ్రీశైలానికో తప్ప కదలదు. కదలని బండికే ఈ జబ్బు మొదట వస్తుంది. కాబట్టి ఇది మన విషయమే.

మన దారి, మన బండ్లు

నిజాం రాజ్యంలో ప్రభుత్వ బస్సులు 1932 జూన్‌లో మొదలైనవి. నిజాం స్టేట్ రైల్వేలో ఒక శాఖగా రోడ్డు రవాణా విభాగం ఏర్పడింది. మొదట 27 బస్సులు, 166 మంది సిబ్బంది. ఆ బస్సులు స్కాట్లాండు దేశంలో తయారైన ఆల్బియన్ బండ్లు. 1951 నవంబరులో ఆ విభాగం హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వం కిందికి వచ్చింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది.

ప్రభుత్వ కార్యాలయాలకు బస్సు కంటే జీపే ముఖ్యమైన బండి. రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన విల్లీస్ జీపును 1947 నుంచి బొంబాయిలో మహీంద్రా వారు విడిభాగాలు తెప్పించి బిగించడం మొదలుపెట్టారు. తరువాత ఇక్కడే తయారు చేశారు. 1952లో సమాజ వికాస పథకం, 1959లో పంచాయతీ సమితులు వచ్చాయి. సమితుల వ్యవస్థను నెహ్రూ గారు అప్పటి మన పాలమూరు జిల్లాలోని షాద్‌నగర్‌లోనే ప్రారంభించారు. ఆ తరువాత సమితి ఆఫీసు అంటే జీపు అన్నట్టు అయింది. ఊర్లో జీపు శబ్దం వినపడితే పిల్లలు వెంట పరుగెత్తేవారు, పెద్దలు "సర్కారు బండి వచ్చింది" అని లేచి నిలబడేవారు.

మన కల్వకుర్తి నుంచి ఉత్తరానికి పోతే హైదరాబాదు, దక్షిణానికి పోతే నల్లమల. 1960 జూలైలో శ్రీశైలం ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. కాలక్రమంలో మన్ననూరు దాటి దోమలపెంట, పాతాళగంగ వైపు దిగే దారిలో బస్సులు, లారీలు, జీపులు పెరిగాయి. ఆ ఘాటులో మలుపు మీద మలుపు. ఎక్కేటప్పుడు ఇంజనుకు పరీక్ష, దిగేటప్పుడు బ్రేకుకు పరీక్ష. చదునైన నేల మీద బతికిన మన ఊరి మిస్త్రీలకు బ్రేకు విలువ నేర్పింది ఆ ఘాటే అని నా అభిప్రాయం.

డ్రమ్ము, డిస్కు ఎట్లా పుట్టాయి

మోటారు బండ్ల తొలి రోజుల్లో బ్రేకు అంటే టైరు మీద అదిమే ఒక చెక్క ముక్క. గుర్రపు బండ్లకు ఉన్నదే దీనికీ పెట్టారు. ఇంగ్లండులోని డెర్బీషైర్ కొండల్లో రైతులు బండి బ్రేకు చెక్కకు పాత బూట్ల తోలు మేకులతో కొట్టి వాడేవారట. హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన అది చూసి, ఇంకా గట్టి పట్టీ చేయవచ్చునని తలచి 1897లో వ్యాపారం మొదలుపెట్టాడు. అదే ఫెరోడో కంపెనీ. మన గ్యారేజీ గోడల మీద ఆ పేరున్న రేకు బోర్డులు చాలామంది చూసే ఉంటారు.

1902లో రెండు సంగతులు జరిగాయి. ఫ్రాన్సులో లూయీ రెనో డ్రమ్ము బ్రేకును రూపొందించాడు. చక్రంతో పాటు తిరిగే ఇనుప గిన్నె వంటిది డ్రమ్ము. దాని లోపల రెండు అర్ధచంద్రాకారపు షూలు ఉంటాయి. పెడలు తొక్కితే షూలు విచ్చుకొని గిన్నె లోపలి గోడను ఒరుసుకుంటాయి. అదే సంవత్సరం ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్కు బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. చక్రంతో పాటు తిరిగే పళ్లెం ఒకటి, దాన్ని రెండు వైపుల నుంచి పట్టకారులాగా పట్టుకొనే దవడలు రెండు. ఆలోచన మంచిదే. కాని ఆ దవడలకు రాగి తొడిగాడు, ఇనుము మీద రాగి ఒరుసుకుంటే చెవులు పగిలే కీచుమనే శబ్దం. అప్పటి మట్టిరోడ్ల దుమ్ముకు అవి తొందరగా అరిగిపోయేవి కూడా. డ్రమ్ము మూసి ఉంటుంది కాబట్టి దుమ్మును తట్టుకుంది. అందుచేత యాభై ఏళ్లు డ్రమ్ముదే రాజ్యం.

1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ కారుకు నాలుగు చక్రాలకూ నూనె ఒత్తిడితో పనిచేసే బ్రేకులు పెట్టారు. ఆ పద్ధతిని కనిపెట్టిన మాల్కం లాక్‌హీడ్ పేరు మీదనే మన మిస్త్రీలు "లాకేడ్ బ్రేకు" అనేవారు. 1953లో ఫ్రాన్సులోని లె మాన్ పట్టణంలో జరిగే ఇరవై నాలుగు గంటల పందెంలో డిస్కు బ్రేకులున్న జాగ్వార్ కారు గెలిచింది. డిస్కు గాలికి తెరచి ఉంటుంది కనుక వేడి త్వరగా పోతుంది, గంటల తరబడి తొక్కినా పట్టు తగ్గదు. 1955లో సిట్రొయెన్ డీఎస్ కారు ముందు చక్రాలకు డిస్కులతోనే బజారులోకి వచ్చింది.

మన దేశానికి డిస్కు ఆలస్యంగా వచ్చింది. 1957లో మొదలైన అంబాసిడరుకు చాలాకాలం నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. కలెక్టరు గారి కారు, సమితి జీపు, ఆర్టీసీ బస్సు, అన్నీ డ్రమ్ములే. 1983 డిసెంబరులో మారుతి వచ్చిన తరువాత, ఆ తరం కార్లతో, ముందు చక్రాలకు డిస్కు మామూలు విషయమైంది. ఆ విధంగా మన మిస్త్రీలు నలభై ఏళ్లు డ్రమ్ము మీద నేర్చిన విద్యను డిస్కుకు మార్చుకోవలసి వచ్చింది.

తుప్పు ఎందుకు పట్టేస్తుంది

డ్రమ్ము గాని, డిస్కు గాని పోత ఇనుముతో చేస్తారు. వేడిని తట్టుకుంటుంది, పట్టు బాగుంటుంది, ఖరీదు తక్కువ. లోపం ఒక్కటే, తేమ తగిలితే తుప్పు పడుతుంది. రాత్రి వాన కురిస్తే తెల్లవారేసరికి డిస్కు మీద ఎర్రటి పొర కనపడుతుంది. దానికి భయపడనక్కర లేదు, నాలుగు సార్లు బ్రేకు తొక్కితే పోతుంది. అసలు తుప్పు కంటికి కనపడని చోట పడుతుంది.

ఎడ్లబండి చక్రానికి మధ్యలో కుండ ఎలాగో, మోటారు చక్రానికి హబ్బు అలాగు. డిస్కు మధ్యలో పెద్ద రంధ్రం ఉంటుంది. అది హబ్బు మీది గుండ్రని గట్టు చుట్టూ కచ్చితంగా కూర్చుంటుంది. ఆ రెంటి మధ్య సందు వెంట్రుక మందం కూడా ఉండదు. ఆ సందులోకి నీరు చేరితే బయటికి రాదు. ఇనుము తుప్పుగా మారినప్పుడు దాని పరిమాణం పెరుగుతుంది. రెండు రెట్ల నుంచి ఆరు రెట్ల దాకా పెరుగుతుందని శాస్త్రజ్ఞులు చెబుతారు. ఇంటి స్లాబులో కడ్డీకి తుప్పు పట్టి సిమెంటు పెచ్చులు ఊడిపడడం మనం చూస్తూనే ఉన్నాం. సిమెంటు అయితే పగిలి దారి ఇస్తుంది. హబ్బుకు, డిస్కుకు మధ్య తుప్పుకు పోయే దారి లేదు. అది రెంటినీ మేకు కొట్టినట్టు బిగించేస్తుంది.

అన్ని ఇనుములూ ఒకటి కావు. ఢిల్లీలో కుతుబ్ మీనారు దగ్గరి ఇనుప స్తంభం పదహారు వందల ఏళ్లుగా వానలో, ఎండలో నిలిచి ఉంది. అందులో భాస్వరం పాలు ఎక్కువగా ఉండడం వలన దాని మీద ఒక రక్షణ పొర ఏర్పడిందని కాన్పూరు ఐఐటీ ఆచార్యులు బాలసుబ్రహ్మణ్యం గారు పరిశోధించి చెప్పారు. మన బ్రేకుకు అటువంటి అదృష్టం లేదు. దాని పని ఒరుసుకోవడం. ఏ పొర పెట్టినా ఒరిపిడికి పోతుంది. కదులుతూ ఉండడమే దానికి రక్షణ.

వేలం జీపు

కదలని బండ్లు ఎక్కువగా ఉండే చోటు ఏదంటే సర్కారు ఆఫీసు ఆవరణే. జీపు పాడైతే మరమ్మతు అంచనా, ఆ అంచనాకు మంజూరు, మంజూరుకు బడ్జెటు. ఈలోగా జీపు చింతచెట్టు కింద నిలబడుతుంది. రెండు వానాకాలాలు గడిస్తే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు గారు వచ్చి పనికిరాదని రాసిచ్చేవారు. తరువాత సర్వే రిపోర్టు, కనీస ధర నిర్ణయం, నోటీసు బోర్డు, దండోరా, వేలం. ఆ ఫైలు ఎన్ని బల్లలు తిరిగేదో మన సభ్యులకు నేను చెప్పనక్కర లేదు.

1980ల చివరిలో నేను పనిచేసిన ఒక కార్యాలయంలో అట్లాంటి జీపు ఒకటి వేలమైంది. మండలాలు వచ్చి సమితులు పోయిన రోజులు. పాట పాడుకున్న ఆసామి డబ్బు కట్టాడు. గేటు పాసు రాయవలసినవాణ్ణి నేను. గడువులోగా బండి ఆవరణ దాటాలి. ట్రాక్టరుకు తాడు కట్టి లాగితే జీపు ముందుకు జారింది కాని చక్రాలు తిరగలేదు. నేల మీద నాలుగు గీతలు పడ్డాయి. నాలుగు డ్రమ్ములూ పట్టేసినవి.

ఆసామి బస్టాండు దగ్గరి గ్యారేజీ నుంచి పెద్ద మిస్త్రీని పిలిపించాడు. ఆయన వెంట పన్నెండేళ్ల పిల్లవాడు పానాల సంచి మోసుకొని వచ్చాడు. ఆసామికి తొందర. ఘన్ తెచ్చి నాలుగు దెబ్బలు కొట్టమన్నాడు. మిస్త్రీ డ్రమ్ము మీద చెయ్యి పెట్టి అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తు.

"కొడితె పగుల్తది పటేలా. నానబెడితె ఊడ్తది."

పోత ఇనుము గుణం అదే. వంగదు, పగులుతుంది. ఆయన చేసిన పని రెండు రోజులు సాగింది. మొదట చక్రాలకు అటూ ఇటూ రాళ్లు పెట్టాడు, జాకీ ఎత్తి దాని పక్కన చెక్క దిమ్మెలు పేర్చాడు. "జాకీని నమ్మొద్దు" అని పిల్లవాడికి చెప్పాడు. తరువాత డ్రమ్ము వెనుక పలక దగ్గర షూలను దగ్గరికి తెచ్చే బోల్టులు తిప్పి షూలను లోపలికి రప్పించాడు. డ్రమ్ము హబ్బుకు మాత్రమే కాదు, షూలకు కూడా అతుక్కొని ఉంటుంది. లోపల షూలు పట్టుకొని ఉండగా బయట ఎంత లాగినా ప్రయోజనం లేదు. తరువాత అంచు చుట్టూ గ్యాసునూనె పోసి, తడి గుడ్డలు చుట్టి, రాత్రంతా వదిలేశాడు. మర్నాడు చెక్క అడ్డం పెట్టి, చిన్న సుత్తెతో అంచు చుట్టూ తట్టుతూ పోయాడు. ఒకేచోట రెండో దెబ్బ వేయలేదు. ఆ అదురుకు తుప్పు పొడిపొడిగా రాలింది. మధ్యాహ్నానికి ముందువి రెండూ వచ్చాయి. వెనుకవాటికి పుల్లరు బిగించవలసి వచ్చింది. సాయంత్రం నాలుగు గంటలకు జీపు గేటు దాటింది, నేను రిజిస్టరులో సమయం రాసి సంతకం తీసుకున్నాను.

డ్రమ్ము ఊడగానే లోపల నల్లటి దుమ్ము కుప్పగా ఉంది. పిల్లవాడు సైకిలు పంపుతో ఊదాడు. అందని చోట మిస్త్రీ నోటితో ఊదాడు. ఇద్దరి ముఖాలూ నల్లబడ్డాయి, మేమంతా నవ్వాము. ఆ దుమ్ము సంగతి తరువాత చెబుతాను.

డిస్కు ఊడదీసే పద్ధతి

ఆ పిల్లవాడు ఇప్పుడు యాభై ఏళ్లు దాటిన మిస్త్రీ. జడ్చర్ల రోడ్డు మీద సొంత గ్యారేజీ పెట్టుకున్నాడు. 2020 మార్చి 25 నుంచి కరోనా లాక్‌డౌన్ వచ్చి ఊరంతా నిలిచిపోయినప్పుడు, ఆ తరువాతి నెలల్లో అతనికి వచ్చిన పనుల్లో చాలావరకు పట్టేసిన బ్రేకులేనట. నేను పక్కన కుర్చీ వేసుకొని చూసినంతలో అతని పద్ధతి ఇది.

బండి చదునైన చోట నిలపడం, మిగతా చక్రాలకు అడ్డు పెట్టడం, జాకీ ఎత్తి దాని పక్కన స్టాండు పెట్టడం మారలేదు. చక్రం విప్పిన తరువాత డిస్కును పట్టుకొని ఉండే కాలిపరు అనే భాగం బోల్టులు విప్పుతాడు. విప్పిన కాలిపరును కింద వేలాడనివ్వడు, తీగతో పైకి కడతాడు. ఎందుకంటే బ్రేకు నూనె పోయే రబ్బరు గొట్టం ఆ బరువుకు లోపల చీలిపోయినా పైకి కనపడదు. వెనుక చక్రాలకు డిస్కులున్న కొన్ని కార్లలో ఆ డిస్కు లోపలే హ్యాండు బ్రేకు షూలు ఉంటాయి. అందుకని ముందు హ్యాండు బ్రేకు వదిలేసి, షూలను వెనక్కి రప్పిస్తాడు. పెద్ద మిస్త్రీ జీపుకు చేసిన పనే ఇది.

తరువాత డిస్కు ముఖం మీది చిన్న మరలు చూడాలి. చాలా జపాను తరహా కార్లలో డిస్కును హబ్బుకు ఒకటి రెండు మరలు పట్టి ఉంచుతాయి. అవి తుప్పు పట్టి ఉంటే మామూలు పేచ్‌కస్ జారి తల అరిగిపోతుంది. సుత్తెతో కొడితే దానంతటదే తిరిగే పేచ్‌కస్ ఒకటి ఉంది, అది ఉపయోగిస్తాడు.

తరువాత నానబెట్టడం. పెద్ద మిస్త్రీ కాలంలో గ్యాసునూనె. ఇప్పుడు డబ్బాలో వచ్చే నూనె. డబ్ల్యూడీ–40 అని మనం చూసే నీలి, పసుపు డబ్బా 1953లో అమెరికాలో పుట్టింది. రాకెట్లకు తుప్పు పట్టకుండా చేసిన మందు అది, నలభయ్యోసారి కుదిరింది కాబట్టి ఆ పేరు. మధ్య రంధ్రం చుట్టూ, బోల్టుల చుట్టూ కొట్టి గంటైనా ఆగాలి. డిస్కు ఒరిపిడి ముఖం మీద పడితే ఆఖరున పూర్తిగా తుడవాలి.

ఇక అసలు కిటుకు. చాలా డిస్కుల మీద, వెనుక డ్రమ్ముల మీద మరలున్న రెండు చిన్న రంధ్రాలు ఉంటాయి. ఏ బోల్టూ లేకుండా ఖాళీగా కనపడతాయి. తెలియనివారు అవి ఎందుకున్నాయని ఆలోచించరు. వాటిలో రెండు 8 మిల్లీమీటర్ల బోల్టులు ఎక్కించి, ఒకటి పావు తిప్పు, రెండోది పావు తిప్పు చొప్పున బిగించుకుంటూ పోతే, బోల్టు మొన హబ్బును తన్ని డిస్కును బయటికి నెడుతుంది. ఒకవైపే బిగిస్తే డిస్కు వాలి ఇంకా బిగుసుకుంటుంది. కారు తయారు చేసినవాడు, అది ఒకనాడు పట్టేస్తుందని తెలిసి, ఊడదీసే దారి కూడా ముందే పెట్టి పంపాడన్నమాట.

అప్పటికీ రాకపోతే వేడి. ఇనుము ప్రతి వంద డిగ్రీలకు మీటరుకు సుమారు 1.1 మిల్లీమీటర్లు పెరుగుతుంది. 65 మిల్లీమీటర్ల రంధ్రం వంద డిగ్రీల వేడికి పెరిగేది 0.07 మిల్లీమీటర్లు మాత్రమే, వెంట్రుక మందం. తుప్పు బంధం వీడడానికి అంత చాలు. మన కమ్మరులకు ఈ లెక్క ఎప్పుడో తెలుసు. చెక్క చక్రం కంటే కొంచెం చిన్నగా ఇనుప పట్టా చేసి, పిడకల మంటలో ఎర్రగా కాల్చి, పెద్ద పట్టకార్లతో ఎత్తి తొడిగి, నీళ్లు పోసేవారు. పట్టా కుంచించుకొని ఆకులనూ కుండనూ కలిపి బిగించేది. బిగించడానికి వాడిన విద్యనే మిస్త్రీ విప్పడానికి వాడుతున్నాడు. అయితే నూనె కొట్టిన చోట మంట పెట్టరాదు, హబ్బు లోపలి బేరింగుకు, దాని పక్కనుండే సెన్సారు తీగకు వేడి తగలరాదు. అందుచేత మంట పని తెలిసినవారే చేయాలి.

కొత్త డిస్కు పెట్టేముందు హబ్బు ముఖాన్ని తీగ బ్రష్షుతో, రేగుమాలుతో మెరిసేదాకా రుద్దాలి. అక్కడ తుప్పు పెచ్చు ఒక్కటి మిగిలినా డిస్కు వంకరగా కూర్చుంటుంది, బ్రేకు తొక్కినప్పుడల్లా స్టీరింగు అదురుతుంది. హబ్బు గట్టు మీద పలుచగా గ్రీసు రాస్తే మళ్లీ పట్టేయదు. డిస్కులు ఎప్పుడూ జతగా మార్చాలి. ఆఖరున బండి కదిలించేముందు పెడలు గట్టిపడేదాకా నాలుగైదు సార్లు తొక్కాలి. ఈ ఒక్కటి మరిచిపోతే మొదటి మలుపులోనే బ్రేకు అందదు.

దుమ్ము సంగతి

ఫ్రూడ్ గారి కంపెనీ 1908లో బ్రేకు పట్టీలకు ఆస్బెస్టాస్ వాడడం మొదలుపెట్టింది. తెలుగులో రాతినార అంటారు. మన కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో కూడా ఇది దొరికేది. నిప్పుకు కాలదు, వేడికి కరగదు, చవక. బ్రేకుకు ఇంతకంటే మంచి వస్తువు లేదనుకున్నారు. ప్రపంచమంతా డెబ్బై ఎనభై ఏళ్లు అదే వాడింది. జీపు డ్రమ్ములో మేము చూసిన నల్లటి దుమ్ము అరిగిపోయిన షూ లైనర్లదే. ఆ కాలపు లైనర్లలో రాతినార కలవడం మామూలు.

రాతినార పోగులు కంటికి కనపడనంత సన్నం. ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి రావు. ఇంగ్లండులో రాచ్‌డేల్ ఊరి ఫ్యాక్టరీలో రాతినార నూలు వడికిన నెల్లీ కెర్షా అనే కార్మికురాలు 1924లో ముప్పై మూడేళ్ల వయసులో మరణించింది. ఆమె ఊపిరితిత్తులను పరీక్షించిన డాక్టరు కుక్ ఆ సంవత్సరమే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. ఆ సంగతి లోకానికి తెలిసిన తరువాత బ్రిటన్ రాతినారను పూర్తిగా నిషేధించడానికి 1999 దాకా పట్టింది. ఈ జబ్బు ఇరవై, ముప్పై, నలభై ఏళ్ల తరువాత బయటపడుతుంది. అంటే పనిచేసే వయసులో దుమ్ము, ముసలితనంలో దగ్గు.

మన దేశంలో ఈ విషయమై సుప్రీంకోర్టు 1995 జనవరి 27న ఒక పెద్ద తీర్పు ఇచ్చింది. దాన్ని రాసినవారు మన హైకోర్టు నుంచి వెళ్లిన జస్టిస్ కె. రామస్వామి గారు. కార్మికుని ఆరోగ్యం ఉద్యోగంలో ఉన్నప్పుడే కాదు, పదవీ విరమణ తరువాత కూడా అతని ప్రాథమిక హక్కేనని అందులో చెప్పారు. రాతినార ఫ్యాక్టరీలు ప్రతి కార్మికుని ఆరోగ్య రికార్డును పనిలో చేరినప్పటి నుంచి నలభై ఏళ్లు గాని, విరమణ తరువాత పదిహేనేళ్లు గాని, ఏది ఎక్కువైతే అంతకాలం భద్రపరచాలని ఆదేశించారు. జబ్బు రుజువైనవారికి లక్ష రూపాయల పరిహారం చెప్పారు. 1982 డిసెంబరు 17 నాటి నకారా తీర్పును మనం ఏటా పింఛనుదారుల దినంగా జరుపుకుంటాం, పింఛను భిక్ష కాదని చెప్పిన తీర్పు కాబట్టి. 1995 నాటి తీర్పు కూడా మన గోడ మీద ఉండదగినదే.

అయితే ఆ రికార్డు ఎవరికి ఉంటుంది? ఫ్యాక్టరీ రిజిస్టరులో పేరున్నవారికి. రోడ్డు పక్క రేకుల షెడ్డులో పనిచేసినవానికి హాజరు పట్టీ లేదు, సర్వీసు రిజిస్టరు లేదు, వైద్య పరీక్ష లేదు. పెద్ద మిస్త్రీ ఆఖరు ఐదారేళ్లు మెట్లు ఎక్కలేకపోయేవాడు. నాలుగు మాటలు మాట్లాడితే రెండుసార్లు ఆగి దగ్గేవాడు. మేమంతా అది బీడీ దగ్గే అనుకున్నాం. ఆయనా అదే అనుకున్నాడు. నేను ముప్పై ఏళ్లకు పైగా కాగితం దుమ్ములో పనిచేసి జీపీఎఫ్, గ్రాట్యుటీ, పింఛను తీసుకుంటున్నాను. నల్లమల ఘాటులో సర్కారు జీపులు, బస్సులు, యాత్రికుల కార్లు క్షేమంగా ఆగేటట్టు చేసినవారికి నెలకు ఒక్క రూపాయి రాలేదు. ఈ మాట చరిత్ర వ్యాసంలో రాయకపోతే ఇంకెక్కడ రాయాలి?

ఇప్పుడు చేయవలసినది

ఇప్పుడు పేరున్న కంపెనీల ప్యాడ్లు, లైనర్లు చాలావరకు రాతినార లేకుండానే వస్తున్నాయి. కాని పాత బండ్లలో, చవక లైనర్లలో ఏమున్నదో చూసి చెప్పలేము. రాతినార లేని దుమ్ము కూడా ఊపిరికి మంచిది కాదు. కాబట్టి మన కారు గ్యారేజీలో విప్పినప్పుడు ఒక్క మాట చెప్పాలి. "ఊదకు బిడ్డా, తడిగుడ్డతో తుడువు." నీళ్లు చిలకరించి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారేస్తే చాలు, దుమ్ము గాలిలోకి లేవదు. వెళ్లేటప్పుడు మంచి మాస్కులు నాలుగు చేతిలో పెడితే ఇంకా మంచిది. కరోనా కాలంలో మనమంతా మాస్కు కట్టడం నేర్చుకున్నవారమే. జడ్చర్ల రోడ్డు మిస్త్రీ ఇప్పుడు అట్లాగే చేస్తున్నాడు. అతని దగ్గర పనిచేసే పిల్లలు డ్రమ్ము ముందర నోరు పెట్టరు.

ఇంటి కారు సంగతి కూడా చెప్పి ముగిస్తాను. వారానికి ఒకసారైనా నాలుగైదు కిలోమీటర్లు తిప్పండి. కడిగిన వెంటనే గాని, వానలో తడిసి వచ్చిన వెంటనే గాని షెడ్డులో పెట్టకండి, ఒక చుట్టు తిప్పి నాలుగుసార్లు బ్రేకు తొక్కి ఆరబెట్టండి. ఎక్కువ రోజులు నిలిపేటట్టయితే చదునైన చోట గేరులో ఉంచి చక్రాలకు రాళ్లు పెట్టండి, హ్యాండు బ్రేకు లాగి వదిలేయకండి. టైర్లు మార్చినప్పుడో, సర్వీసుకు ఇచ్చినప్పుడో హబ్బు గట్టుకు పలుచగా గ్రీసు రాయమని చెప్పండి. పట్టేసిందని తెలిస్తే ఇంజను బలంతో లాగించకండి, మిస్త్రీని పిలవండి. మన వయసులో జాకీ కింద పడుకొని ప్రయోగాలు చేయవద్దని మనవి.

2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ బండ్ల రిజిస్ట్రేషను రద్దయి, వాటిని తుక్కు కేంద్రాలకు పంపాలన్న నిబంధన వచ్చింది. చెట్టు కింద జీపు, వేలం, గేటు పాసు, ఇవన్నీ మెల్లగా రికార్డు గదికి పోతున్నాయి. బ్యాటరీ కార్లు వస్తున్నాయి. వాటిలో వేగం తగ్గించే పని చాలావరకు మోటారే చేస్తుంది, డిస్కుకు పని తక్కువ. పని తక్కువైతే తుప్పు ఎక్కువ. కాబట్టి నానబెట్టి, తట్టి, అటు పావు తిప్పు ఇటు పావు తిప్పు బిగించే మిస్త్రీ అవసరం మన మనుమల కాలానికీ ఉంటుంది. ఆ మిస్త్రీ ముసలితనంలో తేలికగా ఊపిరి తీసుకొనేటట్టు చూడడం మాత్రం మన కాలం వారు చేయవలసిన పని. మన సంఘం తదుపరి సర్వసభ్య సమావేశంలో, ఊరి గ్యారేజీ కార్మికులకు ఒక ఉచిత ఊపిరితిత్తుల పరీక్ష శిబిరం పెట్టించే విషయం చర్చకు తీసుకోవలసిందిగా కార్యవర్గాన్ని సవినయంగా కోరుతున్నాను.